ప్లానర్‌లో తప్పుండదు

మన టార్బెల్ కాలేజీ వాళ్ళు ఏటా ఆగస్టులో పంచే స్టూడెంట్ ప్లానర్‌ని, అదే తేదీల డైరీని, మించిన పుస్తకం ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. నవ్వకండి! అరవై రెండేళ్ళుగా అచ్చవుతోంది. ఇన్నేళ్ళలో అందులో ఒక్క తప్పు దొరికిందని ఎవరైనా అన్నారా? అనలేదు. ఏ పుస్తకానికుంది అంత పేరు?

తెరిచినవాళ్ళు లేరు కాబట్టి దొరకలేదని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టనివాళ్ళ నోటికి తాళం వేయగలమా!

నేను ఆ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా కుర్చీలు వేసి, మళ్ళీ కుర్చీలు తీసే మనిషిని. కుర్చీలు వేసేవాడికి అందరూ కనిపిస్తారు, వాడు మాత్రం ఎవరికీ కనిపించడు. అందుచేత ప్లానర్ వల్ల లోకానికి జరిగిన మేలు నాకు తెలిసినంతగా డీన్ గారికి కూడా తెలియదు.

చెబుతాను వినండి. హాస్టల్లో కుంటి మంచం ఉందనుకోండి. ఒక్క ప్లానర్ పెడితే చాలు, నాలుగేళ్ళు కదలదు. కిటికీ రెక్క నిలవడం లేదా? ప్లానర్. కందిరీగ దూరిందా? ప్లానర్. జనవరిలో కారు అద్దం మీద మంచు గడ్డకట్టిందా? గట్టి అట్ట, చక్కని అంచు, ప్లానర్! పిజ్జా కింద పెట్టుకోవడానికి దానికంటే అనువైన పళ్ళెం లేదు. ఆరువందల మంది పిల్లలు, ఆరువందల ప్లానర్లు, ఆరువేల ఉపయోగాలు. లోపల కాగితం మీద రాసుకోవడం అనే ఉపయోగం ఒకటి ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

పంచడం కూడా ఆషామాషీగా పంచరు. గంట స్తంభం ముందు పచ్చిక మీద నేను ఆరువందల కుర్చీలు వేస్తాను. డీన్ ఓబర్గ్ గారు నల్ల గౌను వేసుకుని వచ్చి ఒక్కొక్కరి చేతిలో రెండు చేతులతో ప్లానర్ పెడతారు. పిల్లలు దానితో ఫొటో దిగుతారు. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోతారు. అంతటితో దాని చదువు అయిపోతుంది.

దీని వెనక ఒక కమిటీ ఉంది. పద్నాలుగు మంది, అందరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే. సెప్టెంబరు నుంచి మే దాకా నెలకోసారి కూర్చుంటారు. అట్ట మీద గంట స్తంభం బొమ్మ ఎడమ వైపు నుంచి తీసింది వేయాలా, కుడి వైపు నుంచి తీసింది వేయాలా అన్నది చర్చ. అలాంటి చర్చకి తొమ్మిది నెలలు చాలుతాయా? చాలవు. అందుకని లోపలి పేజీల సంగతి పక్కవాడు చూస్తాడులే అని పద్నాలుగు మందిలో ప్రతి ఒక్కరూ అనుకుంటారు. కమిటీ అంటే అదే కదా, పక్కవాడి మీద నమ్మకం!

ఇలా హాయిగా సాగుతున్న ఆనవాయితీకి పోయిన ఏడాది ఒక ప్రమాదం వచ్చిపడింది. ఆ ప్రమాదం పేరు డెల్లా హ్రుస్కా.

డెల్లాది మన కౌంటీయే. ఉత్తరపు రోడ్డులో మైలో హ్రుస్కా పందుల షెడ్డు ఉంది చూడండి, ఆయన కూతురు. ఆ ఇంట్లో గోడ మీద విత్తనాల కంపెనీ క్యాలెండర్ ఒకటి ఉంటుంది. అందులో మొక్కజొన్న వేయమంటే వేస్తారు, కోయమంటే కోస్తారు. అచ్చులో ఉన్నది చేయాలనే దురలవాటు ఆ పిల్లకి పాలతో పాటు వచ్చింది.

డీన్ గారు ప్లానర్ చేతిలో పెట్టగానే డెల్లా ఏం చేసిందో తెలుసా? తెరిచింది! అక్కడే, కుర్చీలోనే! నేను వెనక వరసలో నిలబడి కళ్ళారా చూశాను. ఇరవై ఆరేళ్ళలో అలాంటి దృశ్యం చూడలేదు.

మూడో పేజీలో డీన్ గారి ఉత్తరం ఉంటుంది. ‘ఫోన్ పక్కన పెట్టండి. ప్లానర్‌ని నమ్మండి’ అని. డెల్లా ఆ రాత్రే తన ఫోన్‌లో కాలేజీ ఈమెయిళ్ళు రాకుండా కట్టేసింది. కాలేజీ రోజుకి ఎనభై ఈమెయిళ్ళు పంపుతుంది, వాటిలో డెబ్బై ఎనిమిది పార్కింగ్ గురించే. కాబట్టి పోయిందేమీ లేదనుకుంది. ఇంటికి ఫోన్ చేయడం మాత్రం మానలేదు. ఆ రోజు చేసిన కారణం మాత్రం వేరే.

“నాన్నా, ఇవాళ ఏ వారం?”

“సోమవారం. ఏం, అక్కడ కాదా?”

“ఇక్కడ ప్లానర్‌లో ఆగస్టు ఇరవై గురువారం అని వేశారు.”

మైలో లేచి గోడ మీది క్యాలెండర్ చూశాడట. అంతసేపూ పందులే మాట్లాడాయట.

“మనింట్లో క్యాలెండర్ ఎవరిచ్చారు?” అన్నాడు చివరికి.

“విత్తనాల వాళ్ళు.”

“ఊరికే ఇచ్చిందేగా? మరి అక్కడో? పద్నాలుగు మంది డాక్టరేట్ల వాళ్ళు కూచుని వేసింది. వాళ్ళకి తెలీకుండా ఉంటుందా? అయినా వారంతో మనకేం పని తల్లీ! పందులు వారం చూసి తింటాయా? నువ్వు తేదీ చూసుకో. తేదీ పట్టుకుంటే ఎక్కడా జారవు.”

డెల్లా తేదీ పట్టుకుంది. అక్టోబరు మూడో తారీకు గడిలో ఇలా ఉంది: ఉదయం పది గంటలకు పూర్వ విద్యార్థుల హోమ్‌కమింగ్ పండగ ఊరేగింపు, కొత్త విద్యార్థులు అలంకరించిన బండితో రావలెను. ప్లానర్ ప్రకారం ఆ రోజు శనివారం. దేవుడి ప్రకారం బుధవారం.

పదయ్యేసరికి మెయిన్ స్ట్రీట్ మీదకి ఒక ట్రాక్టర్ వచ్చింది. దాని వెనక గడ్డి మోపులు పేర్చిన బండి. బండి నిండా కాగితం పువ్వులు. మధ్యలో కాలేజీ రంగుల రిబ్బను మెడకి కట్టుకున్న ఒక పంది. ట్రాక్టర్ మీద డెల్లా, నిటారుగా కూర్చుని, కుడి చేయి ఊపుతూ.

ముందూ ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు.

ఇంకో ఊరైతే నవ్వి పంపేసేవాళ్ళు. మన కౌంటీ వాళ్ళ మర్యాద మీకు తెలుసు కదా! ‘ఇవాళ ఊరేగింపని నేనొక్కణ్ణే మరిచిపోయాను కాబోలు’ అని ఎవరికి వారు సిగ్గుపడ్డారు. మంగలి సగం గీసిన గడ్డాన్ని వెంటబెట్టుకుని బయటికొచ్చి చప్పట్లు కొట్టాడు. పోస్టాఫీసు కిటికీ మూసేశారు. ఫైర్ ఇంజన్ వాళ్ళు హడావిడిగా బండి తీసి, ఆలస్యమైనందుకు తల వంచుకుని, పంది వెనక చేరారు. చర్చి ఆడవాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చారో గాని రెండు ట్రేల కొలాచీ బన్నులు పంచారు. ఊరు ఊరంతా కదిలింది. ఇవాళ కాదు కదా అన్నవాడు ఒక్కడు లేడు. అనడం మర్యాద కాదు మరి!

అసలు హోమ్‌కమింగ్ పది రోజుల తర్వాత వచ్చింది. అప్పటికి ఊళ్ళో చప్పట్లు అయిపోయాయి.

డెల్లా ప్లానర్ పట్టుకుని డీన్ ఓబర్గ్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆ గదిలో అప్పుడు నేను కుర్చీ కాలు బిగిస్తున్నాను.

“మేడమ్, ఇందులో మూడో తారీకు అని ఉందండి. జరిగింది పదమూడున.”

డీన్ గారు ప్లానర్ అందుకుని అట్ట మీద చేత్తో మెల్లగా నిమిరారు. తెరవలేదు.

“ప్లానర్‌లో తప్పుండదు డెల్లా. హోమ్‌కమింగ్ మారి ఉంటుంది.”

“మారిందని ప్లానర్‌లో లేదండీ.”

“అదేగా నేను చెప్తున్నది! ప్లానర్ మారదు. మిగతావి మారుతుంటాయి. నువ్వు దీన్నే పట్టుకో.”

పిల్ల తల ఊపి వెళ్ళిపోయింది. అక్కడ నేను ఒక మాట అనవలసింది. అనలేదు. అది ఎందుకో తర్వాత చెబుతాను.

డిసెంబరు వచ్చింది. ప్రొఫెసర్ డ్రెయర్ గారి జీవశాస్త్రం క్లాసులో నలభై మూడు మంది. మొదటి రోజు ఆయనిచ్చిన కాగితంలో ‘ఆఖరి పరీక్ష తేదీకి ప్లానర్ చూడుడు’ అని ఉంది. ఆఖరి క్లాసులో ఆయన “పరీక్ష ఎప్పుడో మీకు తెలుసు కదా” అన్నారు. నలభై రెండు మంది ఫోన్‌లు తలుచుకుని తల ఊపారు. డెల్లా ప్లానర్ తలుచుకుని తల ఊపింది. ఆ ప్లానర్‌లో డిసెంబరు పదిహేడు, ఉదయం ఎనిమిది అని ఉంది.

పదిహేడున ఏడున్నరకి నేను ఆ హాల్లో కుర్చీలు మడిచి గోడకి చేరుస్తున్నాను. డెల్లా వచ్చింది. చేతిలో చెక్కిన పెన్సిళ్ళు నాలుగు, రుమాల్లో చుట్టిన కొలాచీ ఒకటి.

“గ్రోట్ గారూ, అవి తీసేస్తున్నారేంటండీ? ఎనిమిదింటికి మాకు పరీక్ష.”

“శుక్రవారమే అయిపోయిందమ్మా.”

“ఇవాళ పదిహేడు కాదా?”

“పదిహేడే.”

ప్లానర్ తీసి గడి మీద వేలు పెట్టి చూపించింది. చూశాను. మడిచిన కుర్చీ ఒకటి మళ్ళీ విప్పి వేశాను. అందులో కూర్చుంది.

“ఒక్క సబ్జెక్టు తప్పినా రైతుల సంఘం వాళ్ళు స్కాలర్‌షిప్ తీసేస్తారండి,” అంది. “షెడ్డు తలుపు పక్కన నా బూట్లు ఇంకా అక్కడే ఉన్నాయి. మా నాన్న తియ్యలేదు. ఎందుకు తియ్యలేదని అడిగితే, ‘ఉండనీలే, బూట్లు తిండి అడుగుతాయా’ అన్నాడు.”

ఏడవలేదు. కొలాచీ సగం తుంచి నాకు పెట్టింది. ఆ సగం తినకుండా జేబులో వేసుకున్నాను. ఎందుకంటే ప్లానర్ సంగతి నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా తెలుసు.

మే నెలలో పిల్లలు హాస్టళ్ళు ఖాళీ చేసేటప్పుడు ప్లానర్లన్నీ చెత్త తొట్లలో పడేస్తారు. తెల్లటి కాగితం, ఒక్క గీత ఉండదు. పారేయబుద్ధి పుడుతుందా? ఓ పాతిక ఇంటికి తెచ్చుకుంటాను. వాన ఎంత పడింది, తొలి కప్ప ఎప్పుడు అరిచింది, ఏ కోడి పొదుగుతోంది, ఇవన్నీ అందులో రాసుకుంటాను. తొమ్మిదేళ్ళ కిందట కమిటీ వాళ్ళు అట్ట మార్చి లోపలి పేజీలు పాతవే ఉంచేశారని నేను అప్పుడే చూశాను. అప్పట్నించీ అట్ట కొత్తది, లోపల అదే. మధ్యలో ఒక్క ఏడాది మాత్రం వారాలు వాటంతటవే కలిసొచ్చాయి. మిగతా ఏళ్ళన్నీ వారాలు నేనే పెన్సిల్‌తో దిద్దుకుంటున్నాను.

మరి చెప్పలేదేమంటారా? ఎవరూ అడగలేదు. అడగంది చెప్పడం మా ఇంటా వంటా లేదు.

ఎనిమిదింటికి డ్రెయర్ గారు ఏదో మరిచిపోయి హాల్లోకి వచ్చారు.

“శుక్రవారం రాలేదేం నువ్వు? తేదీ నేనిచ్చిన కాగితంలో ఉంది.”

“అందులో ప్లానర్ చూడమని ఉందండి.”

“అయితే ప్లానర్‌లో ఉంటుంది.”

“ఉందండి. ఇదిగోండి.”

ఆయన కళ్ళజోడు వెతుక్కుని, ప్లానర్‌ని తలకిందులుగా తెరిచి, సరిగ్గా తిప్పుకుని, చాలాసేపు చూశారు. ఇరవై రెండేళ్ళుగా అదే కమిటీలో ఉన్న మనిషి.

“లోపల ఇలా ఉంటుందా!” అన్నారు.

మధ్యాహ్నం ఒంటిగంటకి కమిటీని అత్యవసరంగా పిలిచారు. పద్నాలుగు కుర్చీలు వేశాను. డెల్లాకి వేయమని చెప్పలేదు, అయినా వేశాను.

చర్చ చాలా ఉన్నతంగా జరిగింది. ఆరువందల మందిలో అయిదువందల తొంభై తొమ్మిది మందికి రాని ఇబ్బంది ఒక్కరికి వచ్చిందంటే లోపం ప్లానర్‌లో ఉందా, ఆ ఒక్కరిలో ఉందా అని ఒకాయన అడిగారు. చదివే ముందు ఎవరినైనా సంప్రదించావా అని ఇంకొకావిడ డెల్లాని అడిగారు.

“పుస్తకం చదవడానికి ఎవరిని అడగాలండీ?” అంది డెల్లా.

“చూశారా, ఎదురు మాట!” అన్నారు ఆవిడ.

ప్లానర్‌ని ఉద్దేశించని పనికి వాడినందువల్ల కలిగిన నష్టానికి కాలేజీ బాధ్యత లేదని తీర్మానం రాసేశారు. చేతులెత్తడం ఒక్కటే మిగిలింది. డెల్లా తన ఒళ్ళోని ప్లానర్ వంక చూస్తోంది. నాకు షెడ్డు తలుపు పక్కన బూట్లు కనిపించాయి.

నేను బయటికెళ్ళాను. మూడు మైళ్ళు ఇంటికి, మూడు మైళ్ళు వెనక్కి. పికప్ బండిలోంచి ఒక చెక్క పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. నేను తిరిగొచ్చేసరికి వాళ్ళు ఇంకా చేతులెత్తలేదు. తీర్మానంలో కామా ఎక్కడ పెట్టాలనే దగ్గర ఆగారు. కమిటీలు చల్లగా ఉండాలి!

“ఏంటి గ్రోట్ ఇది?” అన్నారు డీన్ గారు.

“హాక్‌బార్త్ గారు,” అన్నాను.

“ఆయనకేమైంది?”

“మే రెండు చూడండి.”

ఆ ఏడాదికి నా మాటలు దాదాపు అయిపోయాయి.

పెట్టెలో తొమ్మిదేళ్ళ ప్లానర్లు ఉన్నాయి, ఒకరు ఒకటి తెరిచారు. మే రెండు: ప్రొఫెసర్ హాక్‌బార్త్ పదవీ విరమణ విందు. ఇంకొకరు ఇంకోటి తెరిచారు. మే రెండు: ప్రొఫెసర్ హాక్‌బార్త్ పదవీ విరమణ విందు. మూడోది, నాలుగోది, తొమ్మిదోది. ఆయన రిటైరై చేపల ఎరల కొట్టు పెట్టుకుని తొమ్మిదేళ్ళయింది. కాలేజీ లెక్కలో ఇంకా ఏటా రిటైరవుతూనే ఉన్నారు.

తెరిచినవాటిని ఒకరికొకరు అందించుకున్నారు.

“ఇన్ని విందులా! నన్ను ఒక్కదానికీ పిలవలేదే!” అన్నారు మూలనున్న ఒకాయన.

అప్పుడు చూడాలి డీన్ ఓబర్గ్ గారిని! పెద్ద పదవులు పెద్దవాళ్ళకి ఊరికే రావు. కళ్ళు మూసుకుని, తెరిచి, “ఇవాళ తారీకు ఎంత?” అన్నారు.

“పదిహేడు,” అన్నారు డ్రెయర్ గారు.

“పదిహేడు అయిపోయిందా?”

“లేదు. రెండున్నరే అయింది.”

“మరి ప్లానర్‌లో తప్పెక్కడుంది? జీవశాస్త్రం పరీక్ష పదిహేడున అని ఉంది. పదిహేడునే పెడదాం. శుక్రవారం జరిగింది రిహార్సలు.”

పద్నాలుగు చేతులు లేచాయి. ఉదయం ఎనిమిది అని ఉన్న సంగతి ఎవరో అనబోతే, ఆ ఎనిమిది ఏ దేశం గడియారం ప్రకారమో ప్లానర్‌లో లేదని డీన్ గారు తోసిపుచ్చారు.

అయిదింటికి నేను ఆ నలభై మూడు కుర్చీలూ మళ్ళీ వేశాను.

వచ్చారు పిల్లలు! ఒకడు పైన పరుపు కట్టిన కారులోంచి దిగి వచ్చాడు. ఇంకొకడు పుస్తకాన్ని ఆదివారమే చలిమంటలో వేశాడట, మసి చేతులతో వచ్చాడు. పొద్దున జ్ఞానదంతం పీకించుకున్న ఒక అమ్మాయి బుగ్గలో దూదితో వచ్చింది. అందరూ డెల్లా వంక చూశారు. ఆ చూపుల మధ్య మొక్కజొన్న కంకి పెడితే పేలాలయ్యేది. డెల్లా నాలుగు పెన్సిళ్ళు వరసగా పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

డెల్లాకి ‘ఎ’ గ్రేడు వచ్చింది. స్కాలర్‌షిప్ నిలబడింది. మిగతా నలభై రెండు మందిలో ముప్పై ఒక్కమందికి శుక్రవారం వచ్చినదానికంటే ఒక గ్రేడు తగ్గింది. శుక్రవారం మధ్యాహ్నానికి పూర్తిగా వచ్చిన జీవశాస్త్రం సోమవారం సాయంత్రానికి ఎటు పోయిందో తెలియక డ్రెయర్ గారు ఇప్పటికీ గడ్డం గోక్కుంటున్నారు. ఇంత గొప్ప శాస్త్ర పరిశోధన ఏ పుస్తకం వల్ల జరిగింది? ప్లానర్ వల్ల కాదూ!

కమిటీ కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఇలాంటిది ఇక జరగకూడదని వసంతకాలమంతా శ్రమించి ఒక గొప్ప మార్పు తెచ్చింది. వచ్చే ఆగస్టు ప్లానర్‌లో తేదీలు ఉండవు. వారాలూ ఉండవు. ఖాళీ గడులు మాత్రమే ఉంటాయి, ఎవరివి వాళ్ళు వేసుకోవాలి. తప్పు దొర్లడానికి స్థలమే లేకుండా చేశారు! అట్ట మీద గంట స్తంభం ఈసారి పైనుంచి తీసింది. మూడో పేజీలో డీన్ గారి ఉత్తరం అలాగే ఉంది. ‘ప్లానర్‌ని నమ్మండి.’

పోయిన వారం పిల్లలు హాస్టళ్ళు ఖాళీ చేశారు. అలవాటు చొప్పున చెత్త తొట్ల దగ్గరికి వెళ్ళాను. ఎప్పటిలాగే అన్నీ కొత్తవి, అన్నీ తెల్లవి. అడుగున ఒకటి మాత్రం అట్ట నలిగి, మూలలు అరిగి ఉంది. తెరిచాను. ఆగస్టు నుంచి ప్రతి గడిలోనూ పెన్సిల్ రాత, సన్నగా, గుండ్రంగా. అక్టోబరు మూడున ‘పందికి స్నానం’ అని ఉంది. డిసెంబరు పదిహేడు దాకా ఒక్క గడి ఖాళీ లేదు.

పద్దెనిమిది నుంచి మే దాకా ఒక్క అక్షరం లేదు.

చూశారా మన కాలేజీ గొప్పతనం! మిగతా వాళ్ళు వచ్చేటప్పుడే నేర్చుకుని వస్తారు. అచ్చులో ఉన్నది నమ్మే పిల్ల ఒక్కతి ఎక్కడో పందుల షెడ్డులోంచి వస్తే, నాలుగేళ్ళ చదువుని నాలుగు నెలల్లో నేర్పేశారు. అందులో నాదీ ఒక చేయి ఉంది. తొమ్మిదేళ్ళు నోరు మూసుకున్న చేయి!

ఆ ప్లానర్ ఇంటికి తెచ్చుకున్నాను. సగం పేజీలు తెల్లగానే ఉన్నాయి, కోళ్ళ సంగతి రాసుకోవడానికి చాలు. వారాలు మాత్రం నేనే దిద్దుకోవాలి.